టవర్ లేని ఎయిర్‌పోర్టులో ఇంకో విమానానికి తగలకుండా దిగడం ఎట్టా? పైలట్ ట్రైనింగ్‌కి వెళ్లే నెల్లూరు, ఒంగోలు పిల్లల కోసం పూర్తి గైడ్

కావలి, కందుకూరు, పొదిలి వైపు నుంచి కూడా ఇప్పుడు పైలట్ ట్రైనింగ్‌కి వెళ్లే పిల్లలు కనబడుతున్నారు. వెళ్లేముందు వాళ్లూ వాళ్ల అమ్మానాన్నలూ అడిగే ప్రశ్నలన్నీ ఫీజులు, మెడికల్, డీజీసీఏ (మన దేశంలో విమానాల నియంత్రణ సంస్థ) పేపర్ల చుట్టూనే తిరుగుతాయి. చెప్పేవాడు ఎవడూ లేనిచోట నాలుగు విమానాలు ఒకే రన్‌వే మీదికి వస్తుంటే ఎట్టా దిగాలి అని అడిగినవాళ్లు మాత్రం నాకు పెద్దగా తగల్లేదు.

అడక్కపోవడంలో వింతేమీ లేదు. మన దగ్గర పోయి చూద్దామన్నా ఎయిర్‌పోర్టు లేదు. దగదర్తిలో 2019లో శంకుస్థాపన జరిగింది, దొనకొండలో బ్రిటిష్‌వాళ్ల కాలంనాటి రన్‌వే పాడుబడి ఉంది, కొరిసపాడు దగ్గర హైవే మీద ఎయిర్‌ఫోర్స్ వాళ్ల ఎమర్జెన్సీ స్ట్రిప్ ఉంది కానీ అది నీకూ నాకూ కాదు. విమానం ఎక్కాలంటే రేణిగుంటకో చెన్నైకో పోవాలి, అక్కడ టవర్ (ఎవరు ఎప్పుడు దిగాలో రేడియోలో చెప్పే కంట్రోల్ గది) చెప్పినట్టు అన్నీ వరసగా జరిగిపోతుంటాయి, అన్నిచోట్లా అంతే అనుకుంటాం. తీరా ట్రైనింగ్‌కి పోయాక చూస్తే లెక్క తిరగబడి ఉంటుంది. అమెరికాలో అందరూ వాడుకునే ఎయిర్‌పోర్టులు దాదాపు 5 వేలుంటే టవర్ ఉన్నవి 500 పైచిలుకే. మన దేశంలోనూ బారామతి లాంటిచోట్ల ట్రైనింగ్ ఏళ్లపాటు టవర్ కంట్రోల్ లేకుండానే నడిచింది.

గాల్లో గుద్దుకోవడం మబ్బుల్లోనో చీకట్లోనో జరుగుతుందనుకుంటారు చాలామంది. చిన్న విమానాల విషయంలో ఎక్కువగా జరిగేది పట్టపగలు, ఆకాశం తేటగా ఉన్నప్పుడు, రన్‌వేకి దగ్గర్లో, తక్కువ ఎత్తులో. కారణం పెద్ద రహస్యం కాదు, అందరూ వచ్చి చేరే చోటు అదే కదా. 2022 ఆగస్టు 18న కాలిఫోర్నియాలోని వాట్సన్‌విల్‌లో రెండు ఇంజిన్ల సెస్నా 340, ట్రైనింగ్ విమానమైన సెస్నా 152 ఒకే రన్‌వేకి దిగబోతూ ఫైనల్లో (రన్‌వేకి ఎదురుగా వచ్చే ఆఖరి దారిలో) గుద్దుకుని ముగ్గురు పోయారు. 2025 ఫిబ్రవరి 19న అరిజోనాలోని మరానాలో ఒక సెస్నా 172, లాన్‌కేర్ అనే ఇంకో చిన్న విమానం తగిలాయి. సెస్నా ఎట్టాగో దిగింది, లాన్‌కేర్‌లో ఉన్న ఇద్దరూ చనిపోయారు. అదే ఏడాది జులై 8న కెనడాలోని స్టైన్‌బాక్ దగ్గర టేకాఫ్, ల్యాండింగ్ ప్రాక్టీస్ చేస్తున్న ఇద్దరు విద్యార్థుల విమానాలు గాల్లో ఢీకొన్నాయి, ఇద్దరూ బతకలేదు. వాళ్లలో ఒకరు మన దేశం నుంచి వెళ్లిన విద్యార్థి.

ఈ గైడ్ నీ ఇన్‌స్ట్రక్టర్‌కి ప్రత్యామ్నాయం కాదు. ఆయన చెప్పేది అర్థం కావడానికి ముందే చదువుకుని పోయేది. అన్నిటికంటే ఎక్కువ సమయం నాలుగో పని మీద పెట్టు, మిగతావన్నీ దానికి సాయం చేసేవే.

మొదటి పని: మేడ మీద సర్క్యూట్ గియ్యి

రన్‌వే పక్కన గాల్లో ఊహించుకునే దీర్ఘచతురస్రమే సర్క్యూట్. అమెరికాలో ప్యాటర్న్ అంటారు. టేకాఫ్ అయ్యి నేరుగా పైకెళ్లేది అప్‌విండ్, ఎడమకి తిరిగితే క్రాస్‌విండ్, ఇంకోసారి తిరిగితే రన్‌వేకి సమాంతరంగా వెనక్కి వచ్చే డౌన్‌విండ్, మళ్లీ తిరిగితే బేస్, ఆఖరి మలుపు తర్వాత రన్‌వేకి ఎదురుగా ఫైనల్. ప్రత్యేకంగా చెప్పకపోతే మలుపులన్నీ ఎడమకే. కొండలో, ఊరో, పక్క ఎయిర్‌పోర్టో అడ్డమైతే కుడికి పెడతారు, అది చార్టులో (పైలట్ల మ్యాపులో) రాసి ఉంటుంది. ఎత్తు చిన్న పిస్టన్ విమానాలకి నేల నుంచి 1000 అడుగులు, పెద్దవాటికి, జెట్లకి 1500.

చదివితే ఇది బుర్రలో నిలవదు. సుద్దముక్క తీసుకుని మేడ మీద రన్‌వే గియ్యి, ఒక చివర 02, ఇంకో చివర 20 అని రాయి. 20 అంటే దిగేటప్పుడు విమానం ముక్కు కంపాస్‌లో దాదాపు 200 డిగ్రీల వైపు ఉంటుందని. చుట్టూ సర్క్యూట్ గీసి దాని మీద నడుస్తూ ప్రతి మలుపు దగ్గరా రేడియోలో చెప్పాల్సిన మాట గట్టిగా చెప్పు. పక్కింటివాళ్లు చూస్తారు, చూడనీ. రెండ్రోజులకి నోరు తిరిగాక తమ్ముణ్ణో చెల్లెల్నో పిలిచి, సర్క్యూట్‌తో పని లేకుండా దూరం నుంచి నేరుగా రన్‌వే మీదికి నీకంటే మూడు రెట్లు వేగంగా నడుచుకుంటూ రమ్మను. నువ్వు బేస్ నుంచి ఫైనల్‌కి తిరిగే మూల దగ్గర ఎన్నిసార్లు తగులుతారో లెక్కపెట్టు. వాట్సన్‌విల్‌లో జరిగింది దాదాపు అదే.

రెండో పని: ఇంజిన్ వెయ్యకముందే

చార్టులో చూసుకోవాల్సినవి: సర్క్యూట్ ఎడమా కుడా, ఎత్తు ఎంత, రేడియో ఫ్రీక్వెన్సీ ఎంత, అదే ఫ్రీక్వెన్సీ వాడే పక్క ఎయిర్‌పోర్టులు ఏవి, అక్కడ పారాచూట్ దూకుళ్లూ గ్లైడర్లూ ఉన్నాయా. ఇన్‌స్ట్రుమెంట్ ట్రైనింగ్ (బయటికి చూడకుండా మీటర్లు చూసి నడపడం) చేసేవాళ్లు ఏ రన్‌వేకి వస్తారో కూడా అడిగి తెలుసుకో, వాళ్లు గాలితో పని లేకుండా మీకు ఎదురు దిశ నుంచి కూడా నేరుగా దిగొస్తారు. ఆ రోజు గాలి ఎటుందో చూస్తే మిగతావాళ్లు ఏ రన్‌వే వాడుతుంటారో సగం తెలిసిపోతుంది.

తర్వాత ముందు అద్దం తుడువు. ఇది చాదస్తం కాదు, లెక్క చూడు. అద్దం మీద చచ్చి అతుక్కున్న పురుగు మచ్చ 4 మిల్లీమీటర్లుంటే, నీ కంటికి 60 సెంటీమీటర్ల దూరంలో ఉన్న ఆ మచ్చ వెనక, ఒక మైలు దూరంలోని సెస్నా 152 రెక్క చివరి నుంచి చివరిదాకా మొత్తం దాక్కోగలదు. అలాంటి మచ్చలు పది ఉంటే కంటికి అలవాటైపోయి నిజంగా కదిలే చుక్కని కూడా పురుగే అనుకుంటుంది. తుడిచేటప్పుడు మెత్తటి బట్ట, పైనుంచి కిందికి, గుండ్రంగా రుద్దొద్దు, గీతలు పడితే ఎండకి ఎదురు తిరిగినప్పుడు ఏమీ కనబడదు.

ల్యాండింగ్ లైటు పగలైనా వెయ్యి. ఎయిర్‌పోర్టుకి పది మైళ్ల లోపల అది వేసి ఉంచమని అమెరికా విమానాల నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ కూడా చెబుతుంది.

మూడో పని: ముందు విను, తర్వాత మాట్లాడు

పది మైళ్ల అవతలే ఫ్రీక్వెన్సీ పెట్టుకుని ఒక నిమిషం నోరు మూసుకుని విను. ఎంతమంది ఉన్నారు, ఎవరెక్కడున్నారు అనేది మోకాలి మీద పెట్టుకునే కాగితం మీద గియ్యి, తల్లో పెట్టుకుందామంటే రెండో విమానం దగ్గరే మర్చిపోతావు.

కాల్ ఇట్టా ఉండాలి: ఎయిర్‌పోర్టు పేరు, నువ్వెవరు, ఎక్కడ, ఎంత ఎత్తు, ఏం చేయబోతున్నావు, మళ్లీ ఎయిర్‌పోర్టు పేరు. ఉదాహరణకి, "వాట్సన్‌విల్ ట్రాఫిక్, వైట్ సెస్నా (ఇక్కడ నీ కాల్‌సైన్), త్రీ మైల్స్ ఈస్ట్, వన్ థౌజండ్ టూ హండ్రెడ్ ఫీట్, ఎంటరింగ్ లెఫ్ట్ డౌన్‌విండ్ రన్‌వే టూ జీరో, వాట్సన్‌విల్." పేరు రెండుసార్లు ఎందుకంటే ఒకే ఫ్రీక్వెన్సీని చుట్టుపక్కల నాలుగైదు ఎయిర్‌పోర్టులు పంచుకుంటాయి, మొదటి పేరు వినబడకపోయినా చివరిది వినబడుతుంది. కాల్‌సైన్, అంటే రేడియోలో నీ విమానాన్ని పిలిచే పేరు, పూర్తిగా చెప్పు, దాంతోపాటు విమానం రకం, రంగు కూడా చెబితే వెతికేవాడి కంటికి సాయం. అక్కడివాళ్లకే తెలిసే గుర్తులు చెప్పొద్దు. "దర్గామిట్ట దాటాను" అంటే నెల్లూరోడికి అర్థమవుతుంది గానీ చీరాల నుంచి వచ్చినవాడికి ఏం తెలుస్తుంది, అక్కడా అంతే. దిక్కు, దూరం, ఎత్తు చాలు.

"ఎనీ ట్రాఫిక్ ఇన్ ద ఏరియా, ప్లీజ్ అడ్వైజ్" అనే మాట చాలామంది స్టైల్‌గా వాడతారు. వాడొద్దని ఎఫ్ఏఏ మాన్యువల్ సూటిగా చెబుతుంది. అది అడగ్గానే ఐదుగురు ఒకేసారి బటన్ నొక్కితే హెడ్‌సెట్‌లో కీచుమనే మోత తప్ప ఇంకేమీ రాదు.

మన పిల్లలకి యాస గురించి టెన్షన్ ఎక్కువ. యాస ఎవరికీ అడ్డం కాదు, అడ్డమయ్యేది వేగం. తెలుగులో గడగడా మాట్లాడే వేగంతోనే ఇంగ్లీషు కాల్ చెబితే అంకెలు కలిసిపోతాయి. అంకెలు ఒక్కొక్కటి విడిగా, నింపాదిగా చెప్పు.

రేడియోని ఎంతవరకు నమ్మాలో తెలియాలంటే క్విన్సీ గురించి తెలుసుకోవాలి. 1996 నవంబరు 19న అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో, టవర్ లేని ఎయిర్‌పోర్టులో జరిగింది. అది గాల్లో కాదు, రెండు రన్‌వేలు కలిసే చోట నేల మీద. దిగబోతున్న ప్రయాణికుల విమానం, ఇంకో రన్‌వే మొదట్లో ఉన్న కింగ్ ఎయిర్ అనే రెండు ఇంజిన్ల విమానాన్ని ఆగి ఉంటావా, టేకాఫ్ చేస్తావా అని అడిగింది. జవాబిచ్చింది కింగ్ ఎయిర్ కాదు, దాని వెనక నిలబడ్డ ఇంకో చిన్న విమానం. ఆ జవాబులో కొంత భాగం కాక్‌పిట్‌లోని హెచ్చరిక శబ్దంలో కలిసిపోయింది. కింగ్ ఎయిరే ఆగి ఉందనుకుని దిగారు, అది టేకాఫ్ మొదలుపెట్టింది. రెండు విమానాల్లోని 14 మందీ పోయారు. అంటే జవాబు వచ్చినంత మాత్రాన అది నువ్వు అడిగినవాడి జవాబే అనుకోకూడదు, ఎవరన్నారో తేలకపోతే ఇంకోసారి అడగాలి. ఇంకో సంగతి, అమెరికాలో చాలా టవర్ లేని ఎయిర్‌పోర్టుల్లో రేడియో లేని విమానం కూడా చట్టప్రకారమే రావచ్చు. ఫ్రీక్వెన్సీ నిశ్శబ్దంగా ఉందంటే ఆకాశం ఖాళీ అని కాదు.

నాలుగో పని: మైళ్లని నిమిషాల్లోకి మార్చు

ఇదే అసలు పని. రేడియోలో అందరూ దూరం చెబుతారు, "త్రీ మైల్స్", "ఫైవ్ మైల్స్" అని. వినగానే బుర్ర దాన్ని తన వేగంతో కొలుస్తుంది. నీ విమానం 60 నాట్లతో (నాట్ అంటే గంటకి ఒక నాటికల్ మైలు, రేడియోలో చెప్పే మైళ్లు ఇవే) పోతుంటే మూడు మైళ్లంటే మూడు నిమిషాలు, ఇంకా బోలెడంత టైముందనిపిస్తుంది. ఎదుటివాడి వేగం 180 నాట్లైతే అదే మూడు మైళ్లు ఒక్క నిమిషం.

లెక్క చాలా తేలిక, ఇంటి దగ్గరే నోటికి పట్టించు. వేగాన్ని 60తో భాగిస్తే నిమిషానికి ఎన్ని నాటికల్ మైళ్లో వస్తుంది. 60 నాట్లకి ఒక మైలు, 90కి ఒకటిన్నర, 120కి రెండు, 180కి మూడు. కాబట్టి "పది మైళ్లు" అని వినబడితే ట్రైనింగ్ విమానమైతే ఆరేడు నిమిషాలు, వేగంగా వచ్చే రెండు ఇంజిన్ల విమానమైతే మూడు నిమిషాల పైన ఇరవై సెకన్లు.

ఇప్పుడు వాట్సన్‌విల్ మళ్లీ చూడు. సెస్నా 340 పది మైళ్ల దగ్గర చెప్పాడు, మూడు మైళ్ల దగ్గర మళ్లీ చెప్పాడు, నేరుగా రన్‌వే 20కి వస్తున్నానన్నాడు. సెస్నా 152 కూడా సర్క్యూట్‌లో తన కాల్స్ తను చెబుతూనే ఉన్నాడు. ఇద్దరికీ రేడియో ఉంది, ఇద్దరూ మాట్లాడారు. పెద్ద విమానం దాదాపు 180 నాట్లతో వస్తోంది, దిగబోయే విమానానికి అది మరీ ఎక్కువ వేగం. 60 నాట్లతో నడిచే ట్రైనర్ రన్‌వేకి ఒక మైలు దూరంలో ఫైనల్‌కి తిరిగితే అది చేరడానికి ఒక నిమిషం, మూడు మైళ్ల అవతల 180తో వచ్చేవాడికీ ఒక నిమిషమే. దూరాలు వేరు, టైము ఒకటే. వెనకనించి వేగంగా దూసుకొస్తున్నాడని 152 పైలట్ గ్రహించి గో అరౌండ్ (దిగకుండా మళ్లీ పైకెక్కడం) అన్నాడు, అప్పటికే ఆలస్యమైంది. పెద్ద విమానం పైలట్ చిన్నదాన్ని చూసి తప్పించుకోలేకపోవడమే కారణమని అమెరికా దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ తేల్చింది. 152లో ఉన్నాయన తన చోట తను సరిగ్గానే ఉన్నాడు, అయినా పోయాడు.

అందుకే డౌన్‌విండ్‌లో ఉండగా "స్ట్రెయిట్-ఇన్" (సర్క్యూట్‌లో చేరకుండా నేరుగా దిగడం) అనే మాట వినబడితే వరసగా ఇవి చెయ్యి. ఆ విమానం రకం పట్టుకో, చెప్పకపోతే "వాట్ ఈజ్ యువర్ స్పీడ్" అని నిర్మొహమాటంగా అడుగు. దూరాన్ని నిమిషాల్లోకి మార్చు. నువ్వు రన్‌వే చేరడానికి ఎన్ని నిమిషాలో అనుకో. రెండింటికీ మధ్య రెండు నిమిషాలకంటే తక్కువ తేడా ఉంటే బేస్ తిరగొద్దు, డౌన్‌విండ్‌లోనే ఉండు, అతను ఫైనల్లో నీ పక్కనుంచి దాటిపోవడం కంటితో చూశాకే తిరుగు. చూడలేకపోతే సర్క్యూట్ వదిలేసి బయటివైపు పైకెక్కి పో, ఐదు నిమిషాలు తిరిగి మళ్లీ రా. రెండు నిమిషాలు అనేది ఏ రూల్ పుస్తకంలోనిదీ కాదు, నా అంచనా. నీ ఇన్‌స్ట్రక్టర్ మూడంటే మూడు.

నువ్వే వేగంగా వచ్చే విమానంలో ఉంటే పని తిరగబడుతుంది. పది మైళ్ల దగ్గరే వేగం తగ్గించు, సర్క్యూట్‌లో ఎవరైనా ఉన్నారని తెలిస్తే నేరుగా దిగే ఆలోచన మానుకుని సర్క్యూట్‌లో చేరు. ఫైనల్లో ఉన్నవాడికి హక్కుందని చట్టం చెబుతుంది, తక్కువ ఎత్తులో ఉన్నవాడికి ముందు అవకాశమని కూడా చెబుతుంది, కానీ ఆ హక్కు వాడుకుని ఇంకొకరి ముందు దూరొద్దని అదే వాక్యంలో చెబుతుంది. దాటి వెళ్లేవాడు కుడివైపు నుంచి, దూరం ఉంచి దాటాలి. ఎదురెదురుగా వస్తే ఇద్దరూ కుడికి తిరగాలి. అడ్డంగా కలుస్తుంటే నీకు కుడిపక్క ఉన్నవాడిది ముందు.

హక్కుల గురించి ఇంతే తెలిస్తే చాలు. "నాదే ముందు" అని గాల్లో పంతానికి పోవడం వల్ల ఒరిగేదేమీ లేదు.

ఐదో పని: సర్క్యూట్‌లో చేరడం

ఎయిర్‌పోర్టు చేరకముందే సర్క్యూట్ ఎత్తుకి దిగిపోయి, డౌన్‌విండ్ మధ్యభాగానికి 45 డిగ్రీల కోణంలో చేరు. రన్‌వేకి అవతలి పక్కనుంచి వస్తుంటే సర్క్యూట్ ఎత్తుకి 500 అడుగుల పైన అడ్డంగా దాటి, సర్క్యూట్ నుంచి బాగా బయటికి పోయి, అక్కడ దిగి, వెనక్కి తిరిగి 45లో చేరు. ఇది అమెరికా పద్ధతి. మన దేశంలోని స్కూల్లో వేరేగా చెబితే ఆ స్కూలు పద్ధతే పాటించు. అందరూ ఒకేలా చేస్తేనే ఎదుటివాడికి ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

సర్క్యూట్ లోపలికి దిగుతూ మాత్రం రావద్దు. సెస్నా రెక్క పైన ఉంటుంది, దానికి పైన ఏముందో కనబడదు. పైపర్ లాంటివాటికి రెక్క కింద ఉంటుంది, కింద ఏముందో కనబడదు. పైపర్ కిందికి దిగుతూ, దాని కింద సెస్నా ఉందంటే ఇద్దరికీ కనబడే దారే లేదు.

ఆరో పని: కళ్లకి పని నేర్పు

మనిషి కంటికి ఆకాశంలో చుక్కని పట్టడం సహజంగా రాదు. మూడు చిక్కులున్నాయి, మూడూ మన జిల్లాలోనే ఉండి చూసుకోవచ్చు.

మొదటిది, స్పష్టంగా కనబడే భాగం చాలా ఇరుకు. చెయ్యి బారుగా చాపి పిడికిలి పట్టుకుంటే అది దాదాపు పది డిగ్రీలు. ఆకాశాన్ని పిడికిలి పిడికిలిగా ముక్కలు చేసుకుని, ఒక్కో ముక్క దగ్గర కనీసం ఒక సెకను చూపు ఆపాలి. కళ్లు జరజరా తిప్పితే చూసినట్టు అనిపిస్తుంది, కానీ కదులుతున్న కంటికి చుక్క దొరకదు. సాయంత్రం మేడెక్కి, గద్దలు తిరిగేచోట ఈ పద్ధతిలో వెతికి చూడు, ఊరికే చూసినప్పటికంటే ఎన్ని ఎక్కువ దొరుకుతాయో నీకే తెలుస్తుంది.

రెండోది, చూడ్డానికి ఏమీ లేనప్పుడు కన్ను దగ్గరికే ఫోకస్ పెట్టుకుని కూర్చుంటుంది. మైపాడు బీచ్‌లో పొద్దున మసకగా ఉన్నప్పుడు ఖాళీ సముద్రం వైపు కాసేపు చూస్తూ ఉండి, పడవ కోసం వెతుకు. ఎదురుగా ఉన్నా తొందరగా కనబడదు. ముందు దూరంగా ఉన్న దేన్నైనా, ఒడ్డున సరుగుడు చెట్టునో దూరపు మబ్బు అంచునో చూసి అప్పుడు సముద్రం వైపు తిరిగితే పడవ దొరుకుతుంది. విమానంలో కూడా రెక్క చివరో దూరపు కొండో చూసి ఆకాశంలోకి చూపు తిప్పాలి.

మూడోది అన్నిటికంటే మోసం చేసేది. నీకు తగలబోయే విమానం అద్దంలో కదలదు. పక్కకి జరిగిపోతున్న విమానం కంటికి తొందరగా దొరుకుతుంది, కానీ దాంతో ప్రమాదం లేదు. ఒకే చోట నిలబడి మెల్లగా పెద్దదయ్యేదే నీ మీదికి వచ్చేది. ఇందుకూరుపేట వైపు పొలాల మధ్య రోడ్ల మీద కారులో పక్క సీట్లో కూర్చున్నప్పుడు అడ్డరోడ్డు మీద వచ్చే ట్రాక్టర్ని గమనించు. అది అద్దంలో వెనక్కి జరుగుతుంటే మీరు ముందు దాటిపోతారు, ముందుకి జరుగుతుంటే అదే దాటిపోతుంది. ఒకే మచ్చలా నిలబడి ఉంటే కూడలిలో ఇద్దరూ కలుస్తారు. కొన్నిసార్లు అది కారు అద్దం పక్కనున్న కమ్మీ వెనకే దాక్కుని చివరిదాకా కనబడదు, కూర్చున్న చోటినుంచి తల ముందుకీ వెనక్కీ వంచితే బయటపడుతుంది. విమానంలోనూ తల అట్టాగే కదిలించాలి.

టైము ఎంతుంటుందో ఇప్పుడు చూడు. చూడ్డం, గుర్తుపట్టడం, ఇది నా మీదికే వస్తోందని తెలియడం, నిర్ణయించడం, చెయ్యి కదపడం, విమానం తిరగడం, అన్నీ కలిపి ఎఫ్ఏఏ లెక్కలో 12.5 సెకన్లు. అందులో 5 సెకన్లు ఢీకొనే దారిలో ఉన్నామని గ్రహించడానికి, 4 సెకన్లు ఎటు తిప్పాలో తేల్చుకోవడానికే పోతాయి. రెండు విమానాలు 90 నాట్ల చొప్పున ఎదురెదురుగా వస్తే మధ్య దూరం నిమిషానికి మూడు మైళ్ల చొప్పున తరుగుతుంది. 12.5 సెకన్లు మిగిలినప్పుడు ఎదుటి సెస్నా 152 రెక్కల వెడల్పు నీ కంటికి పున్నమి చంద్రుడంత ఉంటుంది, అదీ సన్నటి గీతలా. అంతకంటే చిన్నగా ఉన్నప్పుడే పట్టుకోవాలి. ఎటు తిప్పాలో ముందే అనుకుని ఉంటే ఆ 4 సెకన్లలో కొంత మిగులుతుంది, అందుకే "ఎదురైతే కుడికి" అనేది నిద్రలో లేపి అడిగినా చెప్పగలగాలి.

ట్యాబ్‌లో విమానాలు చూపించే ఏడీఎస్-బీ ఉంటే వాడుకో, మంచి సాయం. అమెరికాలో 2020 జనవరి 1 నుంచి కొన్ని గగనతలాల్లో తప్పనిసరి, టవర్ లేని చిన్న ఎయిర్‌పోర్టుల చుట్టూ చాలాచోట్ల కాదు, కాబట్టి స్క్రీన్ మీద లేని విమానం బయట ఉండొచ్చు. ఎక్కడ వెతకాలో చెప్పే వేలులాగా వాడు, సర్క్యూట్‌లోకి వచ్చాక మాత్రం చూపు బయటే.

ఏడో పని: ఆఖరి రెండు మలుపులు

బేస్ తిరిగేముందు ఫైనల్ దారిని చివరిదాకా, రన్‌వే నుంచి దూరంగా పోయే వైపు కూడా చూడు. సెస్నాలో ఎడమకి తిరిగితే ఎడమ రెక్క కిందికి వంగి నువ్వు పోయేచోటినే మూసేస్తుంది. కాబట్టి తిరిగేముందు ఆ రెక్క ఒక్క క్షణం పైకెత్తి కింద ఏముందో చూసి అప్పుడు తిరుగు. ఫైనల్‌కి తిరిగేటప్పుడు రన్‌వే గీత దాటి అవతలికి పోకుండా చూసుకో. 2021 మే 12న డెన్వర్ దగ్గర సెంటెనియల్ ఎయిర్‌పోర్టుకి వస్తున్న సిర్రస్ అనే చిన్న విమానం ఆ మలుపు దాటిపోయి పక్క రన్‌వేకి దిగుతున్న మెట్రోలైనర్ అనే పెద్ద విమానాన్ని తగిలింది. అక్కడ టవర్ ఉంది, అయినా జరిగింది. సిర్రస్ విమానం పారాచూట్‌తో దిగింది, మెట్రోలైనర్ వెనక భాగం చీలిపోయి కూడా రన్‌వే చేరింది, అందరూ బతికారు. ఇట్టాంటి ముగింపు చాలా అరుదు.

కింద రన్‌వే మీద ఎవరైనా ఉంటే, ముందువాడు ఇంకా ఖాళీ చెయ్యకపోతే, గో అరౌండ్. నువ్వు ఎడమ సీట్లో కూర్చుంటావు కాబట్టి రన్‌వేకి కొంచెం కుడివైపు జరిగి పైకెక్కితే కిందివాడు నీ ఎడమ కిటికీలో కనబడుతూ ఉంటాడు, సరిగ్గా పైనే ఎక్కితే కనబడడు. వెనకనించి ఎవరో వస్తున్నారని అనుమానం వస్తే నేరుగా ముందుకు పోవడం కంటే పక్కకి జరగడం మేలు, ఎందుకంటే వెనక ఉన్నవాణ్ణి నువ్వు చూడలేవు. అయితే ఆ ఎత్తులో, ఆ వేగంలో నిటారుగా వంచి తిప్పితే స్టాల్ అయ్యి (రెక్కలు విమానాన్ని మొయ్యలేక) అదే చంపుతుంది. పూర్తి పవర్, ముక్కు అదుపులో, మెల్లటి మలుపు. ఎటు జరగాలనేది ప్రతి ఎయిర్‌పోర్టుకీ వేరేగా ఉంటుంది, సోలోకి (ఒంటరిగా ఎగరడానికి) పోకముందే ఇన్‌స్ట్రక్టర్‌ని అడిగి తేల్చుకో.

సోలో మొదలైన పిల్లలకి ఇంకో మాట, అబ్బయా. గో అరౌండ్ చేస్తే ల్యాండింగ్ రాలేదనుకుంటారేమోనని సిగ్గుపడి దిగిపోయేవాళ్లున్నారు. ఏ మంచి ఇన్‌స్ట్రక్టరూ గో అరౌండ్‌కి మార్కులు కొయ్యడు. కోసేవాడైతే స్కూలు మార్చే ఆలోచన చెయ్యి.

ఒకవేళ తగిలితే

విమానం ఇంకా ఎగురుతుంటే ముందు దాన్ని ఎగరనీ. ఏం విరిగిందో చూద్దామని వెనక్కి తిరగొద్దు, చేతిలో కంట్రోల్స్ ఎంత పనిచేస్తున్నాయో చిన్న చిన్న కదలికలతో తెలుసుకో. వేగం తగ్గించొద్దు. ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున కిందికి దించే పలకలు) వెయ్యాలనుకుంటే ఆలోచించు, ఒక రెక్కకి దెబ్బ తగిలి ఉంటే ఒకవైపే పడి విమానం తిరగబడొచ్చు. విమానానికి పారాచూట్ ఉంటే, కంట్రోల్ పోయిందని తెలిస్తే, ఆలస్యం చెయ్యకుండా లాగు. లేకపోతే ఎదురుగా ఉన్న మంచి చోటే ల్యాండింగ్ చోటు.

నేల మీదున్నవాళ్లకి కూడా ఒక మాట. కూలిన విమానం దగ్గరికి వీడియో తియ్యడానికి పోవద్దు, ముక్కలు ఎత్తొద్దు. పారాచూట్ ఉన్న విమానమైతే దాన్ని బయటికి తన్నే రాకెట్ ఇంకా పేలకుండా ఉండొచ్చు. 112కి ఫోన్ చేసి, మనుషుల్ని దూరంగా నిలబెట్టడమే సాయం.

అమ్మానాన్నలు స్కూలుని అడగాల్సినవి

మీరు విమానాల గురించి తెలుసుకోనక్కర్లేదు, ఈ ప్రశ్నలు చాలు. ఒకేసారి సర్క్యూట్‌లో ఎన్ని విమానాలు వదులుతారు? విమానాల్లో చుట్టూ ఉన్న ట్రాఫిక్ చూపించే పరికరం ఉందా? టవర్ లేకపోతే నేల మీదినుంచి ఎవరైనా రేడియోలో గమనిస్తూ ఉంటారా? సోలోకి పంపేముందు ఢీకొనకుండా తప్పించుకోవడం మీద విడిగా క్లాసు ఉంటుందా? హాస్టల్, భోజనం గురించి అరగంట చెప్పి వీటికి రెండు ముక్కల్లో జవాబిస్తే ఇంకో స్కూలుతో కూడా మాట్లాడండి.

దిగాక

దగ్గరగా తప్పిపోతే, ఎవరికీ దెబ్బ తగలకపోయినా, విమానం కట్టేసిన వెంటనే ఫోన్ తీసి వాట్సాప్ చూసేముందు ఐదు సంగతులు రాసుకో: టైము, ఎత్తు, సర్క్యూట్‌లో ఎక్కడ, ఎదుటి విమానం ఎటునుంచి ఎటు, ఎంత దూరంలో తప్పింది. సాయంత్రానికి ఆ దూరం నీ తలలోనే సగమైపోతుంది, లేదా రెట్టింపవుతుంది. అమెరికాలో అయితే నాసా నడిపే విమాన భద్రతా రిపోర్టుల వ్యవస్థ ఏఎస్ఆర్ఎస్‌కి పది రోజుల్లోపు రిపోర్టు పంపు, కావాలని చేసింది కాకపోతే అది నీకు శిక్ష నుంచి కొంత రక్షణ కూడా ఇస్తుంది. మన దేశంలో ఇట్టా దగ్గరగా తప్పిపోవడాన్ని ఎయిర్‌ప్రాక్స్ అంటారు, రిపోర్టు స్కూలు సేఫ్టీ ఆఫీసర్ ద్వారా డీజీసీఏకి పోవాలి. ఆ రెండో విమానం కూడా మీ స్కూలుదే అయితే, అందులో ఉన్నవాణ్ణి పిలిచి ఒక కాగితం మీద ఇద్దరూ విడివిడిగా సర్క్యూట్ గియ్యండి, ఎవరెక్కడున్నారనుకున్నారో. రెండు బొమ్మలూ ఇన్‌స్ట్రక్టర్ ముందు పెట్టి, ఎక్కడ తేడా వచ్చిందో ఆయన్ని చెప్పమనండి.